నైనా రాసిన మూడో మాట

మా ఇంటి ముందర రేకుల షెడ్డులో 2025 సంక్రాంతి వరకూ ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు ఉండేది. 1978 మోడలు. కొత్తగా కొన్నది మేము కాదు. మా నైనా ఫిట్టరుగా పనిచేసిన నూలుమిల్లులో మేనేజరుగారు పదేళ్ళకు పైగా వాడుకొని, మారుతీ కొన్నాక 1989లో దాన్ని నైనాకు అమ్మారు. నైనా ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసి కొన్నాడు. బండిని ఇంటికి తోలుకొచ్చిన రోజు మా అమ్మ హారతి పట్టి, "లక్ష్మి వచ్చింది సరే, ఇంక ఈ లక్ష్మికి పెట్రోలు ఎవరు పోస్తారు?" అంది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ముప్పై అయిదేళ్ళు జవాబు వెతుకుతూనే ఉన్నాం.

పద్మిని సంగతి ఈ కాలపు పిల్లలకు తెలియదు గనక రెండు మాటలు. ఇటలీవాళ్ళ ఫియట్ 1100 బండిని మన దేశంలో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది. 1974 నుంచి దానికి చిత్తోడు రాణి పద్మిని పేరు వచ్చింది. ఇంజను 1089 సీసీ. గేరు కర్ర కింద కాకుండా స్టీరింగు పక్కనే ఉంటుంది. 2000 దాటీ దాటగానే తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నలుపూ పసుపూ ట్యాక్సీలుగా తిరిగిన ఆఖరి పద్మినిలు 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి. బానెట్టు ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. చెయ్యి పెట్టడం తెలిసిన మనిషి ఒకడు ఇంట్లో ఉంటే చాలు. మా ఇంట్లో ఆ మనిషి నైనా.

కోయంబత్తూరులో తెలుగువాడి చేతికి ఇంజను నూనె అంటడం కొత్త కాదు. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో, పొల్లాచ్చికీ పళనికీ మధ్య తానే తోలుకుంటూ మొదలుపెట్టిన కథ మా పేటల్లో ఇంటింటా చెప్పుకునేదే. ఆయన పేరు తలుచుకోకుండా నైనా రెంచి పట్టేవాడు కాడు. నైనా చదివింది తమిళ బడిలో అయిదో తరగతి. అంచేత ఆయనకు నోట్లో ఉన్న భాష ఒకటి, చేతిలో ఉన్న రాత మరొకటి. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. బళ్ళారి వాళ్ళకు కన్నడం, బరంపురం వాళ్ళకు ఒడియా, మాకు తమిళం.

కారు డ్యాష్‌బోర్డు అరలో మిల్లువాళ్ళు ఇచ్చిన పాత డైరీ ఒకటి ఉండేది. అందులో నైనా బండి వైద్యమంతా రాసుకునేవాడు. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళంవి. ఏ నెలలో నూనె మార్చాడు, ఏ రోజు ప్లగ్గులు గీకాడు, ఏ జబ్బుకు ఏ మందు, అన్నీ పెన్సిలు రాత. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, ఆదివారం పూట మా వీధిలో ఒక పెద్దాయన చెప్పిన పాఠాలతో. నేర్చుకున్న కొత్తలో నైనా దగ్గర గొప్పగా నా పేరు తెలుగులో రాసి చూపించాను. ఆయన దాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూసి, "ముగ్గు మాదిరి అందంగా ఉండాదిరా" అని నవ్వాడు.

నైనా 2016లో పోయాడు. తరవాత ఆదివారం ఆదివారం బండిని నేనే వీధి చివరిదాకా తిప్పి తెచ్చేవాణ్ణి. 2020లో లోకంతో పాటు అదీ ఆగిపోయింది. మళ్ళీ 2023లో బుద్ధి పుట్టి కదిలించాను. బ్యాటరీ, టైర్లు, పెట్రోలు గొట్టాలు, వైపరు రబ్బర్లు, తుప్పు పట్టిన పెట్రోలు మూత, చిరిగిన సీటు గుడ్డ, ఇలా కంటికి పాతగా కనబడినవన్నీ మార్చాను. బండి కొత్త పెళ్ళికూతురులా తయారైంది.

అప్పుడే మా అబ్బాయి బెంగుళూరు నుంచి మాట ఎత్తాడు. నేను మా నాయన్ను నైనా అన్నాను. వాడు నన్ను అప్పా అంటాడు. "అప్పా, దాన్ని తోలేవాళ్ళు లేరు. మీకు కళ్ళు సరిగా లేవు. ప్రేమగా చూసుకునేవాళ్ళకు ఇచ్చేయండి" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. పాత బండ్లంటే ఇష్టపడే పాలక్కాడు ఆయన ఒకరు వచ్చి చూసి, నడిచే స్థితిలో ఉంటే మంచి ధరే ఇస్తానన్నారు. మా ఆవిడ సంతోషించింది. మా అక్క మాత్రం ఒక కోరిక కోరింది. "అమ్ముకోరా, నేనేమీ అననులే. అమ్మే ముందర ఒక్క తూరి నైనా బండిలో మన కులదేవర గుడికి పోయొద్దాం." మా కులదేవర గుడి ఉడుమలపేట దగ్గర పల్లెలో ఉంది. నైనా ఉన్నన్నాళ్ళూ ఏటా చిత్తిరై నెలలో అందర్నీ ఆ బండిలో కుక్కి తీసుకుపోయేవాడు. అక్కకు డెబ్బై రెండు. కాదనడం ఎలా?

2024 ఏప్రిల్‌లో ఒక ఆదివారం బయలుదేరాం. పొద్దున ఏడింటికి ఒక్క తాపుకే స్టార్టయింది. పాతిక కిలోమీటర్లు పోయాక కిణత్తుక్కడవు దాటగానే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఆకలిగొన్నవాడు నడిచినట్టు రెండడుగులు ముందుకు, ఒక తూలు. చివరికి ఆగిపోయింది. దారిన పోయే లారీ డ్రైవరు దిగి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పమన్నాడు. పాత బండ్లకు ఎండలో గొట్టంలోని పెట్రోలు ఆవిరై దారి అడ్డుపడుతుంది, చల్లబడితే సర్దుకుంటుందని ఆయన లెక్క. కప్పాం. పది నిమిషాలకు స్టార్టయింది. లారీ ఆయనకు దండం పెట్టి పొల్లాచ్చి చేరాం. అక్కడ ఎండలో బండి పెట్టి టిఫను తిని, పూలూ కొబ్బరికాయలూ కొని గంటకు తిరిగి వచ్చేసరికి బండి చుట్టూ పెట్రోలు వాసన.

బానెట్టు ఎత్తి చూస్తే గుండె ఆగింది. కార్బురేటరు తడిసి, దాని పక్కనుంచి బొట్టు బొట్టుగా పెట్రోలు కారుతోంది. కిందనే ఇంజను పొగ గొట్టం. అది ఎర్రగా కాలి ఉన్నప్పుడు ఆ బొట్టు పడి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. పక్కన బీడీ కాలుస్తున్నవాణ్ణి దూరంగా పంపి, బ్యాటరీ తీగ ఊడదీసి, అక్కను నీడలో కూర్చోబెట్టాను. ఆ రోజు గుడికి పోలేదు. బండిని మరో బండికి కట్టి ఇంటికి ఈడ్పించుకొచ్చాం. అక్క బస్సులో పక్కన కూర్చుని, "ఇంత దూరమైనా వచ్చినాం కదరా, చాల్లే" అంది. ఆ చాల్లే నాకు ముల్లులా గుచ్చుకుంది.

పాలక్కాడు ఆయనకు ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. ఆయన మర్యాదగానే, అలాగైతే ధర సగం అన్నారు. మా ఆవిడ, "ఏమండీ, ఆ సగానికే ఇచ్చేయండి. ఇంట్లో బాంబు పెట్టుకొని పడుకోలేను" అంది. నాకు మనసొప్పలేదు. డబ్బు కోసమని చెప్పుకున్నాను గానీ డబ్బు కోసం కాదు. నైనా చేతిలో ముప్పై ఏళ్ళు నడిచిన బండి నా చేతిలో పాడయిందన్న మాట మిగలకూడదని.

ఇక్కడ కాస్త కార్బురేటరు సంగతి చెప్పాలి. తెలియనివాళ్ళు విసుక్కోకండి, మీ ఇంటి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు తెలిస్తే ఇదీ తెలిసినట్టే. ట్యాంకు నిండగానే నీళ్ళ మీద తేలే బంతి పైకి లేచి నీటి దారి మూస్తుంది చూశారా, కార్బురేటరులోనూ అంతే. ఒక చిన్న తొట్టి. పంపు నుంచి పెట్రోలు అందులోకి వస్తుంది. తొట్టిలో ఫ్లోటు తేలుతుంది. పెట్రోలు తగినంత నిండగానే ఫ్లోటు లేచి, పైనున్న సూది మొనను రంధ్రంలోకి నొక్కి దారి మూస్తుంది. ఇంజను తాగేకొద్దీ ఫ్లోటు దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. ఈ మూత సరిగా పడకపోతే పెట్రోలు తొట్టి దాటి పొంగి ఇంజను గొంతులోకీ బయటికీ పోతుంది. మెకానిక్కులు దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. ప్లగ్గులు నల్లగా తడిసిపోతాయి. అప్పుడు స్టార్టు చేయాలంటే ఏక్సిలరేటరును అడుగుదాకా తొక్కి పట్టి ఉంచి సెల్ఫు కొట్టాలి. కంగారులో తొక్కి వదిలి, తొక్కి వదిలి చేస్తే తొక్కిన ప్రతిసారీ ఇంకో చిమ్ము పెట్రోలు లోపలికి పోతుంది. మునిగేవాడికి నీళ్ళు తాగించినట్టు.

సింగానల్లూరు దారిలో ఒక మేస్త్రి ఉన్నాడు. మన తెలుగువాడే. నైనా దగ్గర చిన్నప్పుడు పని చూసినవాడు. బండిని ఆయన షెడ్డుకు చేర్చాను. ఎయిర్ క్లీనరు విప్పి లోపలికి తొంగి చూసి, "అన్నా, ముందు ముల్లు చూస్తాము" అన్నాడు. సూదిని నైనా ముల్లు అనేవాడు. ఆ మాట ఇంకా ఈయన నోట్లో ఉంది. కార్బురేటరు మూత విప్పితే సూది మొన మీద గోరుతో తడిమితే తెలిసేటంత గీత పడి ఉంది. మూతను తలకిందులు చేసి, పెట్రోలు వచ్చే గొట్టంలో నోటితో ఊదాడు. దారి మూసుకొని గాలి పోకూడదు. సన్నగా పోతోంది. కొత్త సూదీ, అది కూర్చునే సీటూ వేశాడు. సోలెక్స్ కార్బురేటరులో సీటు కింద ఒక వాషరు ఉంటుంది. దాని మందం మారితే తొట్టిలో పెట్రోలు మట్టం మారుతుంది. అంచేత పాత వాషరు మందాన్ని కొలిచి, అంతే మందం ఉన్నది వేశాడు.

షెడ్డు నీడలో రెండు రోజులు పెట్టి చూశాం. చుక్క కారలేదు. ఇంటికి తెచ్చి మధ్యాహ్నం వాకిట్లో పెట్టాను. మూడింటికి మళ్ళీ వాసన.

ఈసారి ఫ్లోటు. చెవి దగ్గర పెట్టి ఊపాం, లోపల పెట్రోలు చప్పుడు లేదు. వేడినీళ్ళలో ముంచాం. సన్న బెజ్జమైనా ఉంటే లోపలి గాలి వేడికి వ్యాకోచించి బుడగలుగా వస్తుంది. ఒక్క బుడగ రాలేదు. ఫ్లోటు నిర్దోషి. తరవాత మేస్త్రికి పంపు మీద అనుమానం వచ్చింది. ఇంజనుకూ పంపుకూ మధ్య ఉండే అట్ట పలచనైతే పంపు చెయ్యి ఎక్కువ దూరం కదిలి, సూది తట్టుకోలేనంత గట్టిగా తోస్తుంది. అట్ట మార్చాడు. కార్బురేటరు కింద వేడి ఎక్కకుండా ఇంకో మందపాటి గాస్కెట్టు పెట్టాడు. నాకు ఇథనాలు మీద కోపం వచ్చింది. 2022 నాటికే పెట్రోల్లో పదిపాళ్ళు ఇథనాలు కలిపేవారు. 2023 నుంచి ఇరవై పాళ్ళు కలిపింది కూడా బంకుల్లోకి రావడం మొదలైంది. పాత రబ్బరుకు అది పడదు. పంపులోని రబ్బరు పొర నిజంగానే మెత్తబడి ఉంది, మార్చాం. మంచిదే. కానీ రోగం మాత్రం పోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది డైరీ. ఇన్ని రోజులు ఎందుకు గుర్తు రాలేదంటే, అది చదవాలంటే నాకు భయం. నైనా పోయాక ఒకసారి తెరిచి, అమ్మ మందుల ఖర్చు రాసిన పేజీ కనబడి మూసేశాను. ఈసారి అద్దాలు పెట్టుకొని కూర్చున్నాను. 1994 డైరీ, వేసవి నెలల్లో ఒక పేజీ. పైన "పెట్రోలు పొంగితే" అని ఉంది. కింద మూడు మాటలు.

తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ట, డలకు ఒకటే. త, దలకు ఒకటే. ప, బలకు ఒకటే. తమిళం చదివేటప్పుడు ఇబ్బంది లేదు, ఎక్కడ ఏది పలకాలో ఆ భాషకు తెలుసు. తెలుగును ఆ అక్షరాల్లో రాస్తే మాత్రం చదివేవాడు ఊహించుకోవాలి. మొదటి మాట ముల్లు. తెలిసిందే. రెండోది పుట్టి అని కనబడింది. పుట్టి ఏమిటని కాసేపు తిప్పలు పడి, బుడ్డి అని తెలుసుకున్నాను. ఫ్లోటును నైనా బుడ్డి అనేవాడు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. మూడో వరుసలో "అదీ కాకపోతే ఖాళీ" అని ఉంది.

ఖాళీ అన్న మాట తమిళంలోనూ ఉంది. అదే రాత, అదే అర్థం. అంచేత నాకు సందేహమే రాలేదు. ముల్లు, బుడ్డి చూశాక ట్యాంకు ఖాళీ చేసి కడగమన్నాడు నైనా! మరునాడే మేస్త్రీ నేనూ కలిసి ట్యాంకు అడుగు మర విప్పి పెట్రోలంతా దింపాం. రెండు చెంచాల తుప్పు బురద వచ్చింది. ఇదే దొంగ అనుకున్నాం. సూది మీద ఆ తుప్పు కూర్చుని దారి మూయనివ్వలేదని మేస్త్రి తీర్పు చెప్పాడు. బంకులో తాజా పెట్రోలు పోయించాను. ట్యాంకు మూత తీసిన కుర్రవాడు, "సార్, మూత బలే గట్టిగా ఉంది, తీస్తే ఉస్ అంటోంది" అన్నాడు. కొత్త మూత మరి, గట్టిగా ఉండదా అనుకొని తలూపాను.

మరునాటి మధ్యాహ్నానికి ముందుకన్నా ఎక్కువ పొంగింది.

ఆ రోజు ఒక సంగతి గమనించాను. అంతకు ముందు రాత్రి నుంచి ఇంజను ముట్టుకోనే లేదు. కడుగుదామని బండిని తోసి ఎండలో పెట్టానంతే. అంటే ఇంజను వేడి కాదు. పంపు తిరగనే లేదు గనక పంపు కాదు. వెనక ఉన్న ట్యాంకులోంచి ముందర పైనున్న కార్బురేటరు దాకా పెట్రోలు దానంతట అది ఎక్కదు. మరి తోసింది ఎవరు? మేస్త్రిని అడిగితే, "దయ్యం ఉండాదన్నా" అని చేతులు తుడుచుకున్నాడు. డైరీలో ఆ మూడో మాటకు తమిళ వాడుకలో ఇంకో అర్థం కూడా ఉంది: పని అయిపోయింది, ఆట ముగిసింది అని. ముల్లు కాదు, బుడ్డి కాదు, అదీ కాకపోతే ఇంక ఆశ వదులుకో అని నైనా హాస్యానికి రాసుకున్నాడేమో అనిపించింది. పాలక్కాడుకు ఫోను చేసి సగం ధరకే ఒప్పుకుందామని కూర్చున్నాను.

సాయంత్రం అక్క వచ్చింది. బల్ల మీద డైరీ చూసి ఒళ్ళో పెట్టుకుంది. అక్కకు తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. నైనా రాతను వేలితో తడుముకుంటూ పైకి చదవసాగింది. కూరగాయలు కొన్న లెక్క చదివినట్టు, ఎక్కడా ఆగకుండా. ఆ పేజీ దగ్గరికి వచ్చి, "పెట్రోలు పొంగితే ముల్లు, బుడ్డి, అదీ కాకపోతే గాలి" అని పేజీ తిప్పబోయింది.

"ఆగక్కా, ఏమన్నావు?"

"గాలి."

"ఖాళీ కాదూ?"

"ఏంరా, ఖాళీ ఎందుకయితాది? గాలి. నైనా ఎప్పుడూ అనేదే కదా. నూనె టిన్ను మర్చిపోయినావా?"

నేను నిజంగానే మర్చిపోయాను. అక్క చెప్పాక కళ్ళకు కట్టింది. మా చిన్నప్పుడు నెలకొకసారి నూనె టిన్ను వచ్చేది. నైనా మేకు పెట్టి మూలన ఒక కంత కొట్టేవాడు. వంచితే నూనె గుడ్‌గుడ్‌మని ఆగి ఆగి, ఒలికి ఒలికి వచ్చేది. అప్పుడు ఎదుటి మూలన ఇంకో కంత కొట్టేవాడు. ఇప్పుడు ధార దారంలా దిగేది. "ఒగటి నూనెకు, ఒగటి గాలికి. గాలికి దారి ఇయ్యకపోతే ఏదీ చెప్పిన మాట వినదు" అనేవాడు. అక్క ఆ మాటను నైనా గొంతుతోనే అంది.

నేను లేచి పోయి నట్లూ బోల్టులూ వేసే డబ్బా నేల మీద కుమ్మరించాను. 2023లో నేను తీసి పారేసిన పాత పెట్రోలు మూత అందులో ఉంది. నడుమ కంత. తుప్పుకు పడిన కంత అనుకొని మార్చినది అదే. దీపం కిందికి తెచ్చి చూస్తే అది తుప్పు కంత కాదు. డ్రిల్లుతో వేసిన గుండ్రటి సన్న కంత. లోపలి వైపు, బండి కుదుపుకు పెట్రోలు చిందకుండా చిన్న ఇత్తడి రేకును వంచి సోల్డరు పెట్టి ఉంది. మా బండి ట్యాంకుకు గాలి పోయే సన్న గొట్టం ఎప్పుడో మట్టితో మూసుకుపోయి ఉంది. తరవాత చూస్తే తెలిసింది. ఆ సంగతి 1994 వేసవిలోనే కనిపెట్టి, నైనా మూతకు దారి వేశాడు. నేను దాన్ని పాతదని పీకి, కంత లేని మెరిసే మూత బిగించాను.

ఇంక లెక్కంతా దానంతట అదే విడిపోయింది. దారిలో పోతున్నప్పుడు పంపు పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాలేదు. లోపల వెలితి పెరిగి పెట్రోలు రాక ఇంజను ఆకలితో దగ్గింది. కిణత్తుక్కడవు దగ్గర తడిగుడ్డ కాదు కాపాడింది. ఆగిన పది నిమిషాల్లో ట్యాంకులో మళ్ళీ ఆవిరి నిండి ఆ వెలితి తీరింది. ఎండలో నిలబెట్టినప్పుడు దీనికి తిరగబడి. పెట్రోలు వేడికి ఆవిరై, పోయే దారి లేక లోపల ఒత్తిడి పెంచింది. పంపులోని కవాటాలు పెట్రోలును ముందుకు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. కాబట్టి ఆ ఒత్తిడికి పెట్రోలు పంపు తిరగకపోయినా పంపు గుండా పోయి, సూదిని తోసుకొని తొట్టి దాటింది. తాజా పెట్రోలుకు ఆవిరి గుణం ఎక్కువ. అందుకే ట్యాంకు కడిగి కొత్తది పోసిన మరునాడు ఇంకా పొంగింది. ఆకలీ, అజీర్తీ రెండూ ఒక్క మూత పని. బంకు కుర్రవాడు "ఉస్" అన్నాడని చెప్పినా నాకు చెవికెక్కలేదు.

మరునాడు పాత మూతను గీకి, కొత్త రబ్బరు వాషరు వేసి బిగించాను. పదకొండు నుంచి రెండింటి దాకా మండుటెండలో బండి పెట్టి, అక్కా నేనూ వసారాలో కూర్చున్నాం. రెండింటికి మూత తిప్పితే ఉస్ లేదు. బానెట్టు ఎత్తితే వాసన లేదు. కార్బురేటరు కింద తెల్ల కాగితం పెట్టి ఉంచాను, అది పొడిగానే ఉంది. తాళం తిప్పితే ఒక్క తాపుకే అందుకుంది. మేస్త్రికి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "పెద్దాయన నాకు కూడా చెప్పే ఉంటాడన్నా, నేనే వినిండను" అన్నాడు.

తరవాతి ఆదివారం కులదేవర గుడికి పోయొచ్చాం. పోను డెబ్బై, రాను డెబ్బై. ఎక్కడా దగ్గలేదు. పొల్లాచ్చిలో అదే చోట, అదే ఎండలో బండి పెట్టి టిఫను తిన్నాం. గుడి దగ్గర అక్క బండికి కూడా కుంకుమ పెట్టింది. పెట్రోలు మూత మీద ఒక బొట్టు ఎక్కువ పెట్టింది.

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, పాత బండ్లు ఉన్నవాళ్ళకు ఒక మాట ఉపయోగపడుతుందని. ఓవర్‌ఫ్లో అంటే అందరం కార్బురేటరునే విప్పుతాం. తప్పు లేదు, సూదీ, ఫ్లోటూ మొదట చూడవలసినవే. కానీ నీడలో పొంగకుండా ఎండలో పొంగితే, ఇంజను తిరగకుండానే పొంగితే, ముందు వెనక్కి పోయి ట్యాంకు మూత తీసి చెవి పెట్టండి. కొత్త మూత కొంటే గాలి దారి ఉన్నదో లేదో చూసి కొనండి.

ఇంకో మాట కూడా ఉంది. తెలుగు అక్షరాలు నేర్చుకున్నానని నాకు ఉన్న గర్వం చిన్నది కాదు. మా పేటలో నలుగురికి నేనే నేర్పాను కూడా. అయినా నైనా రాతను నేను కంటితో చదివాను, తమిళం చదివినట్టు చదివాను. అక్షరం రాని అక్క చెవితో చదివింది. ఆమె చదివింది సరైంది. అక్షరాలు వద్దని నేను అనడం లేదు. నైనాకు మన అక్షరాలు వచ్చి ఉంటే గాలి గాలిగానే ఉండేది, నేను మూడు వారాలు తిరిగేవాణ్ణి కాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి డైరీలూ, వంట లెక్కలూ, మందుల చీటీలూ తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో రాసినవి ఉంటాయి. వాటిని మీరు మౌనంగా చదివి పక్కన పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ చేత పైకి చదివించి, మన అక్షరాల్లో రాసి పెట్టుకోండి. నైనా డైరీని నేను ఆ ఏడాదే అక్క చదువుతుండగా మొత్తం తెలుగులో ఎత్తి రాశాను. తొంభై ఆరు పేజీలు వచ్చింది. అందులో నేను ఒంటరిగా చదివి ఉంటే తప్పు చదివేవి ఎన్ని ఉండేవో లెక్క పెట్టలేదు.

బండిని అమ్మేశాను. 2025 సంక్రాంతి వెళ్ళిన వారం పాలక్కాడు ఆయన వచ్చి, మొదట చెప్పిన ధరే ఇచ్చారు. తాళం చేతులు ఇచ్చేటప్పుడు ఆయన బండి చుట్టూ తిరిగి, "ఈ మూత ఒక్కటి కంత పడింది, మార్చేస్తాను" అన్నారు. కూర్చోబెట్టి కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "మీ నాయన దీన్ని ఏమనేవారు?" అని అడిగారు. చెప్పాను. మలయాళంలో రాసుకున్నారు. వాళ్ళ అక్షరాల్లో గకారం వేరే ఉంది. రాసింది ఒకసారి పైకి చదవమన్నాను.

"గాలి" అన్నారు. సరిగ్గా అన్నారు.